రెండు వేళ్ల పొడవు క్రీము

ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపలు ఆరబెట్టే వైపు నాకొక గట్టు ఉంది. గట్టు అంటే మరేం కాదు, నాలుగు మంచాలు పట్టేంత సిమెంటు నేల. నాలుగు మూలలా నాలుగు నల్లరాళ్లు ఉంటాయి. ఆ రాళ్ల లోపలంతా నాది. కాగితం మీద ఎవరూ రాసివ్వలేదు. మా అత్త అక్కడ చేపలు ఆరబోసేది, ఆమె తర్వాత నేను ఆరబోస్తున్నాను. పడవలు వేటకు వెళ్లే రోజుల్లో ఎవరి గట్టయినా నెల్లాళ్లు ఖాళీగా పడి ఉంటే, పక్క గట్టు మనిషి రాళ్లు జరిపి తన గట్టులో కలిపేసుకోవచ్చు. అది మా ఆడవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. ఒకప్పుడు నేను కూడా అలా రాళ్లు జరిపినదాన్నే. అందుకని ఆ కట్టుబాటు తప్పని నేననలేను.

ఆ గట్టు నా చేతిలోంచి పోయేంత పని ఒక మచ్చ వల్ల వచ్చింది.

ముక్కు మీద, పుడక పక్కనే, శనగబద్దంత గరుకు మచ్చ లేచింది. గీరితే పొట్టు రాలేది. రెండు రోజులకు మళ్లీ కట్టేది. పసుపు రాశాను, కొబ్బరినూనె రాశాను. ఎప్పుడో చేపముల్లు గుచ్చుకుని ఉంటుందనుకుని వదిలేశాను. వదలనిది నా మనవరాలు. నా కూతురి కూతురు. డిగ్రీ చదువుకి కాలేజీ దగ్గరని నా దగ్గరే ఉంటుంది.

"అమ్మమ్మా, దసరా ఫోటోలో కూడా ఉంది ఈ మచ్చ. ఇప్పటికీ పోనేదు. డాక్టర్‌కి సూపిద్దాం."

"ముసిలి మొకానికి డాక్టరెందుకే? నాకేటైనా పెళ్లిసూపులున్నాయేటి?"

ఆ పిల్ల నాతో వాదించలేదు. వాళ్లమ్మకు ఫోన్ చేసింది. మా అమ్మాయి కాపురం పెందుర్తిలో. ఆదివారం పొద్దున్నే దిగి, నన్ను బస్సెక్కించి, పెందుర్తిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ నా కూతురి కంటే చిన్నది. లైటున్న అద్దం పెట్టి ముక్కంతా చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత మళ్లీ వెళితే కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"అమ్మా, భయపడాల్సింది ఇప్పటికైతే లేదు. ఇన్నేళ్ల ఎండకి చర్మం పాడయింది. ఇలాగే ఎండలో కూర్చుంటే ఇది చెడ్డ జబ్బుగా మారొచ్చు. మచ్చకి రాత్రిపూట ఈ మందు రాయండి. పగలు ఎండ తగలకుండా ఈ సన్‌స్క్రీన్ క్రీము రాయండి. నల్లగా ఉన్నవాళ్లకి అవసరం లేదని ఎవరైనా చెబితే వినకండి."

నాకు జబ్బు మాట కంటే ఎండ మాట దగ్గర కోపం వచ్చింది. ఎండ మాకు అన్నం పెట్టింది. మబ్బు పట్టిన రోజున నెత్తళ్ల చేపలు పాచి వాసన కొడితే ఆకాశాన్ని తిట్టుకున్నామే గాని, ఎండను ఏ రోజూ ఒక్క మాట అనలేదు. అలాంటి ఎండ మీద నేరం మోపితే ఎలా ఒప్పుకుంటాను?

బయటికి రాగానే మా అమ్మాయి అందుకుంది.

"ఇన్నావు కదా. ఇంక హార్బర్ వద్దు. పెందుర్తి వచ్చీ. నీడ పట్టున కూకో."

"నీడ పట్టున కూకుని ఏటి సేయమంటావు? గోడకేసి సూడమంటావా?"

"టీవీ సూడు."

"నీ టీవీలో ఏడుపులు సూడ్డానికా నాను పుట్టాను?"

మధ్యలో మనవరాలు తీర్పు చెప్పింది. క్రీము రాసుకుంటూ రెండు నెలలు గట్టుకు వెళ్లాలి. అప్పుడు డాక్టరమ్మకు చూపించాలి. తగ్గకపోతే పెందుర్తి. మా అమ్మాయి ఒప్పుకుంది. నేనూ ఒప్పుకున్నాను. పెందుర్తి వెళితే నెల తిరిగేసరికి నా రాళ్లు జరిగిపోతాయని ఆ ఇద్దరికీ తట్టలేదు. నేను చెప్పలేదు.

రాత్రి మందు చెప్పినట్టే రాసేదాన్ని. పగటి క్రీము గొట్టం చూసి మాత్రం నాకు మతి పోయింది. నా అరచేతిలో సగం లేదు. మూత తీస్తే లోపల తెల్లగా, వెన్నలా ఉంది. మా ఇంట్లో తలకి పోసుకునే షాంపూ కూడా నీళ్లు కలపనిదే సీసాలోంచి బయటకు రాదు. సబ్బు అరిగి రేకులా అయితే కొత్త సబ్బుకు అతికిస్తాను. పళ్ల పేస్టు గొట్టాన్ని చపాతీ కర్రతో నొక్కుతాను. మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది. కానీ ఉన్న వస్తువుని సాగదీయడం నాకెవరూ నేర్పక్కర్లేదు. మనవరాలు కాలేజీకి వెళ్లాక గొట్టంలోంచి కొంచెం క్రీము ఒక పాత పౌడరు డబ్బాలోకి పిండి, రెండింతలు కొబ్బరినూనె పోసి పుల్లతో కలిపాను. ఈ లెక్కన ఏడాది వస్తుందనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా పని చీకట్లోనే మొదలవుతుంది. పడవలు వచ్చే వేళకు వేలం దగ్గర నిలబడకపోతే మంచి చేప వేరేవాళ్ల తట్టలోకి పోతుంది. అందుకని నాలుగింటికల్లా లేచి, మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, ఆ డబ్బాలోంచి వేలితో తీసి రాసుకుని బయలుదేరేదాన్ని. మనవరాలు దుప్పట్లోంచి ఒక కన్ను తెరిచి అడిగేది.

"రాసుకున్నావా అమ్మమ్మా?"

"రాసుకున్నానే, పడుకో."

అబద్ధం కాదు, రాసుకున్నాను. నూనె కదా, మొహం మెరిసేది. వేలం దగ్గర లైట్ల కింద ఆ మెరుపు చూసి పక్క గట్టామె ఊరుకోలేదు. నాకంటే పదేళ్లు చిన్నది. నన్ను అక్క వరసన అప్పా అని పిలుస్తుంది. నోరు మాత్రం నాకంటే పెద్దది.

"ఏటప్పా, మొకం అద్దంలాగుంది! నెత్తళ్లు కొండానికొచ్చినావా, సినిమాలో ఎయ్యడానికొచ్చినావా?"

"ఎయ్యడానికే. నీలాంటి గయ్యాళి ఏసం కాళీగున్నాదంట, నిన్ను కూడా రమ్మన్నారు."

నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. తెల్లవారాక గట్టు మీద చేప పరిచి, తట్టలు మోసి, చెమట పట్టినప్పుడల్లా కొంగుతో మొహం తుడుచుకునేదాన్ని. ఆ కొంగుకే నూనె, క్రీము అంతా అంటుకునేది. ఎండ ఎక్కే వేళకు నా మొహం మీద నా మొహం తప్ప ఏమీ లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు.

రెండు నెలలయ్యాక డాక్టరమ్మ అద్దం పెట్టి చూసింది. ముక్కు మీద మచ్చ అలాగే ఉంది. చెవి అంచు మీద ఇంకోటి బయలుదేరింది.

"సన్‌స్క్రీన్ రాస్తున్నారా?"

"రోజూ రాస్తన్నానమ్మా. ఒక్క పూట మానలేదు."

"ఎన్నింటికి రాస్తారు?"

"తెల్లారగట్ల నాలుగింటికి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "నాలుగింటికి ఎండ ఎక్కడుంటుందమ్మా?"

పక్కనున్న మనవరాలు గొట్టం తియ్యమంటే సంచిలోంచి తీశాను. డాక్టరమ్మ చేతిలో పెట్టుకుని నొక్కి చూసింది. రెండు నెలల తర్వాత కూడా గొట్టం కడుపు నిండుగానే ఉంది. అప్పుడు డబ్బా సంగతి, నూనె సంగతి నేనే చెప్పేశాను. అబద్ధం ఆడే అలవాటు నాకు లేదు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. మా అమ్మాయి ఆపుకోలేదు, నవ్వు కాదు, కోపం.

"ఇంక నీ మాట ఇనేది నేదు. ఎల్లుండి ఆటో తెస్తాను. సామాను కట్టీ."

డాక్టరమ్మే నన్ను కాపాడింది. ఆమె చెప్పిన పద్ధతిలో సరిగ్గా రాసి ఇంకో రెండు నెలలు చూద్దామంది. చూపుడు వేలు, మధ్యవేలు పక్కపక్కన పెట్టి, ఆ రెండు వేళ్ల పొడవునా క్రీము పిండాలట. అదంతా మొహానికి, మెడకి పూయాలట. చెవులకి, చేతులకి మళ్లీ వేరే. ఎండలోకి వెళ్లే పావుగంట ముందు ఒకసారి, ఆ తర్వాత రెండు గంటలకోసారి. తలకి గుడ్డ, దాని మీద అంచున్న టోపీ. నేను బుర్ర ఊపాను. బుర్ర ఊపానే గాని, రెండు వేళ్ల పొడవు పిండడానికి చేయి వస్తుందా? ఇంటికొచ్చి వేళ్ల మీద పిండి చూశాను. ఒక వేలు సగానికి వచ్చేసరికి నా బొటనవేలు దానంతటదే ఆగిపోయింది.

మర్నాడు ఆదివారం. కాలేజీ లేదు కాబట్టి గట్టు చూడాలని మనవరాలు నాతో వచ్చింది. ఆ రోజు కానాగంత చేపలు చవగ్గా దొరికాయి. కడుపు కోసి, పేగులు తీసి, కడిగి, ఉప్పులో ఊరేసి, మర్నాడు ఆరబోయాలి. నేను కోసి ఇస్తుంటే ఆ పిల్ల తొట్టెలో పేర్చి ఉప్పు చల్లుతోంది. చల్లడం చూస్తే నాకు ఒళ్లు మండింది. ముగ్గు చుక్కలు పెట్టినట్టు చిటికెతో చల్లుతోంది.

"ఏటే ఆ ఉప్పు? పూజ సేత్తన్నావేటి? గుప్పెడుతో ఎయ్యి. కడుపులోకి ఎయ్యి, సెవుల కింద ఎయ్యి, తోక దాకా ఎయ్యి!"

"ఇంత ఉప్పా? కొంచెం ఆదా సేద్దామని..."

"ఉప్పు దగ్గర ఆదా ఏటే? ఉప్పు ఎక్కడ తగల్నేదో అక్కడే సేప కుళ్లిపోతాది. రేపీ పాటికి పురుగులు పట్టేత్తాయి. అప్పుడు సేపా పోతాది, ఏసిన ఉప్పూ పోతాది."

ఆ పిల్ల చేయి ఆపి నా మొహం కేసి చూసింది. తిట్టినందుకు అలిగిందనుకున్నాను.

"మరి నీ మొకానికి?" అంది.

"నా మొకానికేటైంది?"

"సిటికెడు క్రీము, దాన్లో నూనె. తగల్ని సోటే కదా సెవి మీద మచ్చ లేసింది. నువ్వు సెప్పినదే కదా అమ్మమ్మా ఇప్పుడు."

నేను ఇంకో కానాగంత అందుకుని కడుపు కోశాను. మళ్లీ ఇంకోటి కోశాను. యాభై ఏళ్లుగా ఎంతమంది కోడళ్లకి, పక్క గట్ల వాళ్లకి ఉప్పు గురించి ఇదే మాట చెప్పానో. నా గట్టు మీద చేప కుళ్లిందని ఏ రోజూ ఎవరూ అనలేదు. అన్నింట్లో సాగదీసే నేను ఉప్పు దగ్గర మాత్రం ఏనాడూ చేయి బిగించలేదు. ఎందుకంటే ఆ పని నాకు తెలుసు. క్రీము పని తెలియదు కాబట్టి, దాన్ని షాంపూలా చూశాను. ఉప్పులా చూడాల్సింది.

చేతులు మంచినీళ్లతో కడుక్కుని, "ఆ గొట్టం ఇలా తే" అన్నాను. చూపుడు వేలు పొడవునా పిండాను. మధ్యవేలు పొడవునా పిండాను. మనవరాలు నోరు తెరుచుకుని చూస్తోంది.

"సూడ్డమేటి? సెవుల ఎనక నాకు అందదు. రాయి."

ఆ రోజు నుంచి నాకు గడియారం అవసరం రాలేదు. ఎండు చేపకి తిరగేసే వేళలు ఉంటాయి. ఒక పక్కే ఎండితే రెండో పక్క మెత్తబడిపోతుంది. అందుకని పొద్దెక్కినప్పటి నుంచి పొద్దు వాలే దాకా దాదాపు రెండు గంటలకోసారి తిరగేస్తాం. చేప తిరగేసిన ప్రతిసారీ క్రీము. వేలానికి ఉత్త మొహంతో వెళ్లేదాన్ని, వెలుగు రాగానే గట్టు మీద మొదటి పూత. చివరి వరస చేప కూడా తిప్పి, నిలబడి నడుం సాగదీసి, సీసాలో మంచినీళ్లతో చేతులు కడుక్కుని, రెండు వేళ్ల పొడవు. మళ్లీ కడుక్కుని అప్పుడు చేప ముట్టుకునేదాన్ని. కొనేవాళ్లు చేప ఎత్తి వాసన చూస్తారు. క్రీము వాసన తగిలితే నా పేరు పోతుంది. కొంగుతో మొహం తుడవడం మానేశాను. చెమటని మెత్తటి పాత చీర ముక్కతో అద్దుకునేదాన్ని, రుద్దకుండా.

పక్క గట్టామెకి పండగలా ఉంది.

"ఓలప్పో! మొకానికి సున్నం కొట్టించేసినావేటి?"

"అవును. నీ ఇంటికి కొట్టగా మిగిల్నాది."

"టోపీ కూడానా! ఫారిన్ దొరసాని దిగినాదిరో!"

"దొరసాన్ని పలకరించేముందు నీ సేప తిప్పుకో, మాడిపోతన్నాది."

నవ్వుతూనే ఉండేవాళ్లం, కానీ నా కళ్లు రాళ్ల మీద ఉండేవి. ఆసుపత్రికి తిరిగిన రోజుల్లో ఆవిడ వైపు రెండు రాళ్లూ జానెడు నా గట్టు లోపలికి వచ్చి ఉన్నాయి. నేను చూశానని ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలుసని నాకు తెలుసు. ఆవిణ్ణి ఏమీ అనలేదు. ఆవిడ చేసింది తొందరపాటే గాని, దొంగతనం కాదు. నా మచ్చ సంగతి హార్బరంతా విన్నది. నేను పెందుర్తి వెళ్లిపోతానని అందరూ అనుకుంటున్నారు. రాళ్లు వెనక్కి జరిపే హక్కు నాకు రావాలంటే ముందు నేను ఉండాలి కదా.

మొదటి గొట్టం వారం రోజులకే అయిపోయింది. అయిపోయిందని మనవరాలు పారేయబోతుంటే లాక్కున్నాను. చేపలు కోసే కత్తి తీసుకుని, కానాగంతని చీల్చినట్టు, తల నుంచి తోక దాకా చీల్చి విప్పాను. లోపల గోడలకి ఒక రోజుకు సరిపడా క్రీము అంటుకుని ఉంది. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది.

"నీకు పిసినారితనం పోదు అమ్మమ్మా."

"పోదు. రాసుకున్న కాడ పిసినారితనం సెయ్యట్లేదు కదా. పారేసిన కాడే."

ఆ పద్ధతిని ఇప్పటికీ వదల్లేదు. వాడేటప్పుడు దండిగా వాడాలి, పారేసేటప్పుడు ఏమీ మిగలకూడదు. వంటింట్లో కూడా కొన్ని వస్తువుల దగ్గర నా చేయి ఇలాగే కాస్త మారింది. మా అమ్మాయి అది గమనించింది.

రెండు నెలలు నిండాక మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి బస్సులో బయలుదేరాం. సంచిలో రెండు జతల చీరలు పెట్టుకునే వెళ్లాను. తగ్గలేదంటే ఆ రాత్రి నుంచే కూతురింట్లో ఉంటానని మాట ఇచ్చాను, మాట తప్పడం నాకు చేతకాదు. పెందుర్తి దగ్గర పడే కొద్దీ కిటికీలోంచి కొత్త ఇళ్లు, వాటి మీద నీళ్ల ట్యాంకులు కనిపిస్తుంటే, ఆ మేడల మీద చేపలు ఆరబోస్తే ఎంత బాగా ఎండుతాయో అనుకున్నాను. ఆ ఇళ్లవాళ్లు ఊరుకోరులే.

డాక్టరమ్మ అద్దం పెట్టింది. చెవి చూసింది, ముక్కు చూసింది, మళ్లీ చెవి చూసింది. వేలితో తడిమింది.

"చెవి మీదది పోయింది. ముక్కు మీదది బాగా తగ్గింది. ఇదే పద్ధతి వదలకండి. ఆరు నెలలకోసారి కనిపించండి." తర్వాత నా చేతులు తిప్పి చూసి, "చేతుల మీద కూడా రాస్తున్నారా?" అంది.

"మోచేతి దాకా రాత్తన్నానమ్మా. ఉప్పు తగల్ని సోటు ఉంచను."

ఆమెకు అర్థం కాలేదు. మనవరాలు తల తిప్పుకుని నవ్వుకుంది. మా అమ్మాయి నా సంచిలోని చీరల్ని చూసి, సంచి తన భుజానికి తగిలించుకుంది. బస్టాపు దగ్గర మాత్రం అంది.

"ఆదివారాలైనా రా. భోజనానికి."

"వత్తాను. పొద్దు వాలినాక. ఎండెక్కినప్పుడు రాను, క్రీము వేస్టు."

అమ్మాయి నవ్వింది. చాలా రోజులకి ఆ నవ్వు చూశాను.

మర్నాడు వేలం ముగించుకుని గట్టు దగ్గరికి వచ్చేసరికి వెలుగు వస్తోంది. తట్ట దించి, పక్క గట్టామె చూస్తుండగానే, రెండు రాళ్లనీ ఒకటొకటిగా జానెడు అవతలికి, వాటి పాత చోటికి దొర్లించాను. సిమెంటు మీద ఆ రాళ్ల కింద తెల్లటి మరక ఉంటుంది కాబట్టి చోటు తప్పదు. ఆవిడ లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. తర్వాత తన చేపల్ని తనే అటు లాక్కుంది.

"ఉంటున్నావన్నమాట," అంది.

"ఉంటున్నాను."

"మంచిదే. నువ్వు ఎల్లిపోతే నాను ఎవుల్ని ఆడిపోసుకుంతాను?"

నేను చేతులు కడుక్కుని గొట్టం తీశాను. ఆవిడ ఇంకా నిలబడే ఉంది. వెలుగులో ఆవిడ చెంప మీద, కంటి కింద, మినపగింజంత గరుకు మచ్చ నాకు కనిపించింది. ఎన్నాళ్ల నుంచి ఉందో.

"ఏటది?" అన్నాను.

"ఏది? ఇదా? సేపముల్లు గుచ్చుకున్నాది."

"నాకూ ముల్లే గుచ్చుకున్నాది. ఎల్లుండి నాతో పెందుర్తి రా. డాక్టరమ్మకి సూపిద్దాం." ఆవిడ నోరు తెరవబోతే, "నోరు కాదు, సెయ్యి," అన్నాను.

చేయి చాపింది. చూపుడు వేలు, మధ్యవేలు పక్కపక్కన పెట్టించి, ఆ చివర నుంచి ఈ చివర దాకా పిండాను. ఆవిడ కంగారుపడింది.

"ఓలప్పో, సాలు సాలు! ఇంత ఎందుకు?"

"సాలదు. ఇది అయిపోతే నువ్వే కొనుక్కోవాలి. గొట్టం మాత్రం పారీకు, నాకిచ్చీ. కత్తి నా కాడుంది."